బెంగళూరు చలికాలాన్ని ఇష్టపడటం ఎలా?

కాకినాడ నుంచి ఈసిటీ

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. ఈ జూన్‌లో మావారికి బదిలీ అయితే ఎలక్ట్రానిక్ సిటీలో ఫ్లాట్ అద్దెకు తీసుకుని వచ్చేశాం. నేను ఒక బీమా కంపెనీకి క్లెయిముల పని చూస్తాను, అదీ ఇంటి నుంచే. మాతో పాటు అత్తయ్యగారు, రెండో తరగతి చదివే మా బాబు ఉంటారు.

వచ్చిన కొత్తలో ఎవరికి ఫోన్ చేసినా "అదృష్టవంతులు, ఏసీ అక్కర్లేని ఊరు" అన్నారు. వానాకాలంలో నాకూ అలాగే అనిపించింది. నవంబరు వచ్చాక పరిస్థితి మారింది. వరసగా కొన్ని రోజులు సూర్యుడే కనపడడు. వాన గట్టిగా పడదు, అలా అని ఆగదు. ఆరేసిన బట్టలు మర్నాటికి కూడా తడి వాసన వదలవు. తెల్లారి టైల్స్ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. సాయంత్రం ఆఖరి మీటింగ్ అయ్యి లాప్‌టాప్ మూసి కిటికీ వైపు చూస్తే అప్పటికే చీకటి. రోజంతా ఏం చేశానో గుర్తుండదు.

కాకినాడలో చలికాలం కోసం నేను ఎదురుచూసేదాన్ని. నెలగంట పెట్టాక ముగ్గు వేయడానికి చీకటితో లేవడం, పదకొండింటికి డాబా మీద తల ఆరబెట్టుకోవడం, సందు చివర ఇడ్లీ బండి దగ్గర ఆవిరి. అక్కడ చలి వీధిలో ఉండేది, ఇంట్లోకి వస్తే వెచ్చగా ఉండేది. ఇక్కడ చలి ఇంట్లోనే కూర్చుంటోంది.

నాకంటే అత్తయ్యగారి గురించి ఎక్కువ బెంగగా ఉంది. ఆవిడకి డెబ్బై దాటాయి. కన్నడం రాదు. స్వెట్టర్, మఫ్లర్ వేసుకుని గదిలోనే ఉండిపోతున్నారు. "ఎండాకాలం వచ్చాక బయటికి వస్తాలే" అంటున్నారు.

చలిని తట్టుకోవడానికి ఏం కొనాలో చెప్పమని అడగడం లేదు, దుప్పట్లు, స్వెట్టర్లు కొన్నాం. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉన్న మనవాళ్ళు ఈ కాలాన్ని ఎలా గడుపుతారు? మీకు ఇష్టం ఎలా కుదిరింది? ట్రాఫిక్ వల్ల మామూలు రోజుల్లో దూరం వెళ్ళలేం. ఆదివారాలు మాత్రం వీలవుతుంది.

హనుమంతనగర్, సొంతూరు హిందూపురం

అమ్మా, మీరు ఇప్పటిదాకా చూసింది బెంగళూరు చలికాలంలో మబ్బు భాగం. బంగాళాఖాతంలో అల్పపీడనమో తుఫానో లేస్తే మీ కాకినాడకి గాలివాన వస్తుంది, మాకు మబ్బు వస్తుంది. ఈ పీఠభూమి మీదికి చేరిన మబ్బు అంత త్వరగా కదలదు. ఎండ నేలకి తగలదు కాబట్టి పగలే చల్లగా ఉంటుంది. రాత్రికి పెద్దగా చలి పెరగదు, ఎందుకంటే నేలలో ఉన్న కొద్దిపాటి వేడిని మబ్బు పోనివ్వదు. పగలూ రాత్రీ ఒకేలా ఉండే ఆ వాతావరణం నాకూ నచ్చదు. ఇన్నేళ్ళయినా నచ్చలేదు.

డిసెంబరు సగం దాటాక చూడండి. గాలి పొడిబారుతుంది, ఆకాశం శుభ్రపడుతుంది. రాత్రి 15 డిగ్రీల దాకా, కొన్ని రోజులు అంతకన్నా కిందికి దిగుతుంది. పగలు 26, 27 దాకా హాయిగా ఎండ కాస్తుంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, అందుకే ఆ ఎండలో మంట ఉండదు. ఈ ఊళ్ళో రికార్డయిన అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి 13న. మళ్ళీ అంత చలి ఇక్కడ పడలేదు. కాబట్టి భయపడాల్సిన చలి కాదిది.

ఇంకో సంగతి చెప్తాను, కొంచెం ఆలోచించండి. మీరు సాయంత్రం చీకటి గురించి రాశారు. కాకినాడ మాకు బాగా తూర్పున ఉంది. అక్కడ ఈ రోజుల్లో ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఇక్కడ ఐదు యాభై అవుతుంది. అంటే మీ ఊళ్ళో కన్నా ఇక్కడే సాయంత్రం పాతిక నిమిషాలు ఎక్కువ. అక్కడ మీకు చీకటి బరువు తెలియలేదంటే, పొద్దున ముగ్గు దగ్గరో డాబా మీదో వెలుతురు మీ ఒంటికి తగిలింది కాబట్టి. ఇక్కడ లేచింది మొదలు నాలుగు గోడల మధ్య, ట్యూబ్‌లైటు కింద ఉంటున్నారు. పోగొట్టుకున్నది ఆ డాబా. దాన్ని ఎక్కడో ఒక చోట మళ్ళీ పట్టుకోవాలి. మిగతా ముచ్చట్లన్నీ ఆ తర్వాతే.

నాకు మాత్రం చలికాలం అంటే అనపకాయలు. హిందూపురంలో మా నాయన మూట తెచ్చి వసారాలో కుమ్మరిస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒలిచేవాళ్ళం. ఇక్కడ అవరెకాయి అంటారు. మాగడి వైపు నుంచి వచ్చే కాయకి పేరు ఎక్కువ. మంచు పడ్డ కాయ తొక్క మీద జిగురుగా నూనె పడుతుంది, దాని వాసన చేతులకి అంటుకుంటే సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోదు. ఆ వాసనని సొగడు అంటారు. సొగడు ఉన్న కాయ అంటే బేరం ఆడకుండా కొనేస్తారు.

ఈ పంట గురించి తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. పాత నాటు అనప పొద్దు కురచ అయితేనే పూతకి వస్తుంది. పగలు నిడివిగా ఉన్నన్నాళ్ళూ తీగ పెరుగుతూ పోతుందే తప్ప పూయదు. అందుకే కాయ డిసెంబరు, జనవరుల్లో దిగుతుంది. ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పొద్దుతో పని లేకుండా ఎప్పుడు వేసినా కాసే హెబ్బాళ అవరె రకాలు తయారు చేశారు, కాబట్టి ఇప్పుడు ఏడాది పొడుగునా ఏదో ఒక కాయ దొరుకుతుంది. నేను మాత్రం చలికాలం కాయకే ఆగుతాను. రుచి వేరు, ఒప్పుకోని వాళ్ళు తిని చూడాల్సిందే.

మీకు మడివాళ మార్కెట్ దగ్గర. ఆదివారం పొద్దున వెళ్ళి రెండు కిలోలు తెచ్చుకోండి. గింజలు ఒలిచి నీళ్ళలో ఆరేడు గంటలు నానబెట్టండి. తర్వాత ఒక్కో గింజని బొటనవేలితో నొక్కితే తొక్క వదిలి పప్పు బయటికి జారుతుంది. అదే పితికిన పప్పు. ఈ పితికే పనికి మీ అత్తయ్యగారి కన్నా తగినవాళ్ళు మీ ఇంట్లో ఉండరు. ఎండ వచ్చే చోట కుర్చీ వేసి గిన్నె చేతికి ఇవ్వండి. మీ బాబు పక్కన కూర్చుంటాడు, సగం గింజలు ఎగిరి పక్క ఫ్లాట్‌లో పడతాయి, పడనీయండి. కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం, కొత్తిమీర నూరి వేసి పులుసు పెట్టండి. పప్పు లేతది, త్వరగా ఉడికి చితికిపోతుంది, దగ్గరుండి చూసుకోవాలి. రాగి సంగటితో తినాలి. గోదావరి జిల్లాల వాళ్ళకి సంగటి అలవాటు లేకపోతే దోసెలతో తినండి, అదీ బాగుంటుంది.

ఈ ఏడాదికి బసవనగుడి కడలెకాయి పరిషె అయిపోయింది. కార్తీకంలో ఆఖరి సోమవారం దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డు పొడుగునా వేరుశనక్కాయల రాశులు పోస్తారు. పచ్చివి, ఉడికించినవి, వేయించినవి. వచ్చే ఏడాది తప్పకుండా రండి. మాగడి, కోలారు రైతులతో పాటు మనవాళ్ళూ బండ్లు తెస్తారు, తెలుగులోనే బేరాలు జరుగుతాయి. మీ అత్తయ్యగారికి భాష బెంగ ఉండదు.

వీలైతే ఒక ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ రండి. మీకిప్పుడు మెట్రో ఉంది కదా. పసుపు లైన్‌లో ఆర్.వి. రోడ్ దాకా వచ్చి, ఆకుపచ్చ లైన్ మారితే జయనగర, సౌత్ ఎండ్ సర్కిల్ దాటాక లాల్‌బాగ్. అక్కడి రాతి గుట్ట ఎక్కండి, సుమారు మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి బండ అది. పైన కెంపేగౌడ గోపురం ఉంటుంది. జనవరిలో ఆ గుట్ట మీద నిలబడితే ఊరి మీది మంచు విడిపోవడం కనిపిస్తుంది. దిగి వస్తే దగ్గర్లో ఒక చిన్న కాఫీ హోటల్. ఇడ్లీ, వడ, చట్నీ అంతే, సాంబారు ఉండదు. కప్పు పట్టుకుని రోడ్డు పక్క ఎండలో నిలబడి తాగాలి. నా ఆదివారం అంతా ఇదే. భార్య పోయాక ఈ అలవాటే నన్ను నిలబెట్టింది.

దక్షిణం కిటికీ

విజయవాడ మాది. ఇళ్ళ ప్లాన్లు గీయడం నా వృత్తి, అందుకే ఆ కోణంలోనే చెప్తాను. మీ ఫ్లాట్ బాల్కనీ ఉత్తరం వైపు ఉందని నా అనుమానం. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయంలో లేచి, మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాకుండా దక్షిణానికి వాలి, నైరుతిలో దిగుతాడు. బెంగళూరులో ఈ నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 54 డిగ్రీలే. కాబట్టి దక్షిణం కిటికీ ఉన్న గదిలోకి ఎండ బాగా లోపలికి వస్తుంది, ఉత్తరం గదికి ఒక్క కిరణం కూడా రాదు. ఏప్రిల్ చివర్లో సూర్యుడు నడినెత్తికి వచ్చి ఉత్తరానికి మళ్ళుతాడు, అప్పుడు లెక్క తిరగబడుతుంది.

ఇంట్లో ఏ గదికి దక్షిణం కిటికీ ఉందో చూడండి. అది స్టోర్ రూమ్ అయినా సరే, ఈ రెండు నెలలూ మీ ఆఫీసు టేబుల్ అక్కడ వేసుకోండి. అత్తయ్యగారి మంచం కూడా వీలైతే మార్చండి. అలాంటి కిటికీయే లేకపోతే అసోసియేషన్ వాళ్ళని అడిగి టెర్రస్ తాళం తీసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో టెర్రస్ మూసి ఉంచుతారు, పెద్దవాళ్ళ కోసం పగలు రెండు గంటలు తెరవండి అని రాసి ఇస్తే ఒప్పుకుంటారు. మా బ్లాకులో అలాగే ఒప్పించాం, ఇప్పుడు పది గంటలకల్లా నలుగురైదుగురు పెద్దవాళ్ళు కుర్చీలు వేసుకుని ఉంటారు. ఒకళ్ళు తమిళం, ఒకళ్ళు కన్నడం, ఒకళ్ళు హిందీ. మాటలు ఎలా నడుస్తాయో నాకు తెలియదు కానీ నడుస్తాయి.

టైల్స్ మీద జంపఖానా పరవండి, కింద పాత బొంత వేస్తే ఇంకా మంచిది. కిటికీలు పగలు ఎండ ఉన్నప్పుడు తెరిచి, నాలుగున్నరకల్లా మూసేయండి.

నర్సు, బొమ్మసంద్ర

అక్కా, నాది చిత్తూరు. పక్కనే హాస్పిటల్లో పని చేస్తాను. పైన పెద్దాయన చెప్పిన లాల్‌బాగ్ చాలా బాగుంటుంది, మీరూ బాబూ వెళ్ళండి. అత్తమ్మని మాత్రం అంత పొద్దున తీసుకెళ్ళొద్దు. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకి దగ్గరగా నిలబడిపోతుంది. వాహనాల పొగ, దుమ్ము పైకి పోవు. ఆయాసం ఉన్నవాళ్ళు మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ నెలల్లోనే. ఎండ నేలని తాకాక, తొమ్మిది దాటాక బయటికి తెస్తే ఊపిరికీ మోకాళ్ళకీ మంచిది.

ఇంకొన్ని విషయాలు, ఇవి మా వార్డులో కళ్ళారా చూసినవి కాబట్టి గట్టిగా చెప్తున్నాను. చలికి దాహం తెలియదు, పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు మంచం పక్కన పెట్టండి. చలికి బీపీ పెరుగుతుంది, మాత్రలు వాడుతుంటే ఒక్క పూట కూడా మానకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వేడినీళ్ళ సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే చర్మం కాలినా తెలియదు. సాక్సులు చాలు. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టొద్దు, ఆ పొగకి వాసన తెలియకుండానే ప్రాణం మీదికి వస్తుంది.

అత్తమ్మ గదిలోంచి రావడం తగ్గించారు అన్నారు కదా. అది చలి వల్లే అనుకుని వదిలేయకండి. తిండి, నిద్ర, మాట ఎలా ఉన్నాయో చూడండి. ఊరు మారిన పెద్దవాళ్ళలో దిగులు ఇలాగే మొదలవుతుంది. ఎండ వచ్చాక కూడా అలాగే ఉంటే డాక్టర్‌కి చూపించండి. 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. మీకు దిగులుగా ఉన్నా చేయొచ్చు అక్కా.

ఓరుగల్లు పిలగాడు

నేను కొంచెమే రాస్త. నాకైతే చెట్లు, పిట్టలు. నవంబరు, డిసెంబరుల్లో ఆకాశమల్లె పూస్తది, రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రోడ్డు మీద తెల్లగా రాలి ఉంటది. మీ కాలనీలో ఉందేమో తల పైకెత్తి చూడండి, పొడుగు కాడల పూలు. ఇదే టైమ్‌లో కబ్బన్ పార్క్‌లో గులాబీ రంగు టబెబుయాలు మొదలవుతయి. ఆకులు రాల్చుకుని చెట్టు మొత్తం పూలే. ఆ తర్వాత ఫిబ్రవరి, మార్చిల్లో పసుపువి. ఒకదాని తర్వాత ఒకటి ఏడాదంతా పూసేటట్టు ఈ ఊళ్ళో చెట్లు నాటించిన పేరు లాల్‌బాగ్‌ని చూసుకున్న జర్మన్ తోటల నిపుణుడు క్రుంబిగల్‌కి దక్కింది. ఆదివారం కబ్బన్ పార్క్ లోపలి రోడ్ల మీద వాహనాలు రానివ్వరు, బాబు సైకిల్ తొక్కొచ్చు.

చెరువు గట్టు మీద తోక పైకీ కిందికీ ఊపుతూ తిరిగే సన్నటి పిట్ట కనిపిస్తే అది వ్యాగ్‌టెయిల్. వాటిలో బూడిద వీపు, పసుపు పొట్ట ఉన్నది చలికాలానికే హిమాలయాల వైపు నుంచి వస్తది, ఎండలు ముదిరేలోపు పోతది. మొదటిసారి అది ఎంత దూరం నుంచి వచ్చిందో తెలిసిన రోజు నుంచి నాకు డిసెంబరు అంటే పానం. బాబుకి చూపెట్టండి, వాడు మర్చిపోడు.

జనవరి మొదట్లో ఒక ఆదివారం కుమార కృప రోడ్డు మొత్తం చిత్ర సంతె ఉంటది. 2003 నుంచి చిత్రకళా పరిషత్తు వాళ్ళు పెడుతున్నరు. దేశం నలుమూలల నుంచి ఆర్టిస్టులు రోడ్డు మీదనే బొమ్మలు పెట్టుకుని కూర్చుంటరు. కొనకపోయినా పర్లేదు, పొద్దున తొందరగా పోండి, మధ్యాహ్నానికి అడుగు పెట్టే చోటు ఉండదు.

కాకినాడ నుంచి ఈసిటీ

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు.

మా బాల్కనీ ఉత్తరమే. వంటింటి పక్కన బట్టలు ఆరేసే చిన్న యుటిలిటీ మాత్రం దక్షిణం వైపు ఉంది, పది నుంచి రెండు దాకా అక్కడ ఎండ నిలుస్తోంది. వాషింగ్ మెషిన్ జరిపి ఒక కుర్చీ పట్టేలా చేశాం. నిన్న అనపకాయలు తెచ్చాను. అత్తయ్యగారు ముందు "నాకెందుకే ఇప్పుడు" అన్నారు. గిన్నె చూసి ఆగలేకపోయారు. వాళ్ళ పుట్టింట్లో చిక్కుడు గింజలు ఇలా ఒలిచేవాళ్ళట, ఆ కబుర్లు చెప్తూ రెండు గంటలు కూర్చున్నారు. నర్సు చెల్లీ, నువ్వు చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించాను. ఆవిడకి షుగరు ఉంది, వేడినీళ్ళ సంచి తీసేశాను.

హిందూపురం బాబాయిగారూ, ఒక సందేహం. నేను తెచ్చిన కాయలకి మీరు చెప్పిన వాసన లేదు. గింజలు కూడా కొన్ని లేతగా, నొక్కితే చితికిపోయాయి. కాయ ఎలా ఎంచుకోవాలి? ఇంకోటి, సంక్రాంతికి ఊరు వెళ్ళడం కుదరదు. ఇక్కడ పండగ ఎలా ఉంటుంది?

హనుమంతనగర్, సొంతూరు హిందూపురం

సంతోషం అమ్మా. కాయ గురించి: నున్నగా, మెరుస్తూ, ఒకే సైజులో కనిపించే కాయలు వద్దు. తొక్క కొంచెం ముడతపడి, పట్టుకుంటే వేళ్ళకి జిగురు తగలాలి. ముక్కు దగ్గర పెట్టుకోండి, వాసన లేకపోతే పక్క రాశికి పోండి, ఎవరూ ఏమీ అనుకోరు. బయటి నుంచే గింజ ఉబ్బెత్తుగా తెలియాలి. పితికిన పప్పుకి గింజ నిండుగా ఉండాలి, లేతవి సారులోకి, అంటే ఇక్కడి పులుసులోకి పనికొస్తాయి. పురుగు ఉంటుంది, ఒలిచేటప్పుడు ఒక్కొక్కటీ చూసుకోవాలి. మబ్బు రోజుల్లో కాకుండా నాలుగు రోజులు గట్టిగా మంచు పడ్డాక కొనండి, తేడా మీకే తెలుస్తుంది. అత్తయ్యగారిని బయటికి తీసుకెళ్ళే విషయంలో నర్సమ్మ చెప్పిన టైమే పాటించండి.

సంక్రాంతికి ఇక్కడ భోగి మంట హడావుడి మనంత ఉండదు. ఎళ్ళు బెల్లం పంచుతారు. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగపప్పు, పుట్నాలు కలిపి, చెరకు ముక్క, పంచదార అచ్చు బొమ్మలు పెట్టి ఇంటింటికీ ఇస్తారు. మీ ఫ్లోర్‌లో కన్నడం వాళ్ళు ఉంటే తప్పకుండా మీ తలుపూ తడతారు. తెచ్చిన ప్లేటు ఖాళీగా తిరిగి ఇవ్వకండి. అత్తయ్యగారికి అరిసెలు చేయడం వస్తే ముందు రోజే చేయించి ఉంచండి, పాకం చూడటం ఆవిడ పని, వత్తడం మీ పని. కాకినాడ నుంచి ఎవరైనా వస్తుంటే కాజాలు తెప్పించండి, వాటికి ఇక్కడ మంచి గిరాకీ.

సంక్రాంతి సాయంత్రం మా పక్కనే గవిపురంలో గవి గంగాధరేశ్వరుడి గుడిలో సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్య నుంచి వెళ్ళి లింగం మీద పడతాయి. ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు, పెద్దావిడతో రావద్దు, టీవీలో చూపిస్తారు. పండగ రద్దీ తగ్గాక ఒక రోజు పది గంటల వేళ రండి, గుహ లోపలికి వంగి నడవాలి కాబట్టి ఆవిడ మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని బయల్దేరండి. నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటో.